ఎలక్ట్రా రేడియోకు హన్మకొండ నుంచి ఒక ఉత్తరం

ఎలక్ట్రా,

2006 నుంచి అంగారకుడి చుట్టూ తిరుగుతున్న నాసా వారి ఎంఆర్ఓ (మార్స్ రికానసెన్స్ ఆర్బిటర్) నౌకలో నీ కాపురమని తెలుసు. అక్కడి నేల మీది రోబో బండ్ల కబుర్లు భూమికి చేర్చేందుకు అందుకునే పని బాగానే చేస్తావు గానీ నీకు మాట్లాడటం రాదు. ఆ ముక్క చెబుదామనే ఈ ఉత్తరం.

నీ తీరు చూడు. గేల్ బిలంలోని క్యూరియాసిటీ రోవర్ అనే బండి నీ కిందికి రాగానే ముందు పలకరిస్తావు. దానిలో ఉన్న నీ తమ్ముడు ఎలక్ట్రా-లైట్ బదులు పలికేదాకా పని మొదలుపెట్టవు. వాడు పంపే ప్రతి ముక్కకూ ఒక నంబరు. మధ్యలో ఒకటి తప్పిపోతే "43 రాలేదు, అక్కడి నుంచి మళ్లీ చెప్పు" అంటావు. ఇంత చాదస్తమా?

మా దగ్గర అలా కాదు. బోరు మోటరు కాలిపోయింది. ఘన్‌పూర్‌లో ఉండే మెకానిక్‌కు ఫోన్ చేస్తే "ఆఁ, ఆఁ, సమజైంది సార్" అన్నాడు. నేనింకా అడ్రసే చెప్పలేదు. సాయంత్రం మళ్లీ చేస్తే "కాజీపేట దాటిన సార్, పది నిమిషాలు." నేను సంబరంగా నీళ్ల ట్యాంకర్ వద్దని చెప్పేశాను. అది మొన్నటి మాట.

నువ్వు రోవర్ నెత్తి మీదుగా దాటేది 8 నిమిషాల సేపే. అంతలోనే 100 నుంచి 250 మెగాబిట్ల దాకా అందుకుంటావు. ఆ 250నే రోవర్ నేరుగా భూమికి పంపాలంటే 20 గంటల దాకా పడుతుంది. పైగా నువ్వుండేది 300 కిలోమీటర్ల పైన, అంటే మేం హైదరాబాద్ పోయి వచ్చినంత దూరం. సిగ్నల్ తగ్గితే వేగం తగ్గించుకుంటావు. మేమైతే గొంతు పెంచుతాం. డాబా ఎక్కి "హలో! హలో!" అంటే అవతలివాడికి తప్ప వాడకట్టంతా వినబడుతుంది.

మీ వంశంలోనూ మా తీరు అబ్బినవాళ్లు లేకపోలేదు. 2005 జనవరి 14న హైగెన్స్ అనే చిన్న నౌక శనిగ్రహపు చందమామ టైటాన్ మీద దిగుతూ రెండు చానెళ్లలో కబుర్లు పంపింది. పైనుంచి వాటిని అందుకోవాల్సిన కసీని నౌకలో ఒక చానెల్ రిసీవర్‌ను ఆన్ చేయమన్న ఆదేశమే పోలేదు. పాపం, హైగెన్స్ చెబుతూనే ఉంది. సగం ఫొటోలు పోయాయి. అయినా కసీని "ఆఁ, ఆఁ, సమజైంది" అనలేదు చూడు, అక్కడే మీరు వెనకబడ్డారు.

ఉంటాను, ఫోన్ మోగుతోంది. మెకానికే. ఘన్‌పూర్ నుంచి వస్తుంటే మడికొండ దాటాకే కాజీపేట. మొన్ననే కాజీపేట దాటిన మనిషి ఇవాళ మడికొండలో ఉన్నాడట.

ఇట్లు,
బకెట్లతో ఒక హన్మకొండ వాసి