నాగటోమో ఇంటర్‌కి వెళ్లింది జెర్సీలు అమ్మడానికేనా?

ఆసియా ఆటగాడు ఎవరైనా యూరప్‌లో పెద్ద క్లబ్బుకు వెళ్తే చాలు, ఒక మాట మొదలవుతుంది: "ఆడించడానికి కాదు, జెర్సీలు అమ్ముకోవడానికి తీసుకున్నారు." జపాన్ డిఫెండర్ యూటో నాగటోమో ఇటలీ క్లబ్బు ఇంటర్ మిలాన్‌లో ఏడేళ్లు ఆడాడు. అయినా ఆ మాట అతన్ని వదల్లేదు. ఇప్పటికీ తిరుగుతున్న వాదన ఇదీ: జపాన్ మార్కెట్ కోసం ఇంటర్ అతన్ని కొంది, యజమానులు ఆసియావాళ్లు కాబట్టి ఉంచుకుంది, ఐదడుగుల ఏడంగుళాల మనిషికి డిఫెన్స్ ఎలాగూ రాదు, ఇంటర్ వదిలేయగానే కెరీర్ అయిపోయింది. నాలుగు ముక్కలు. ఒక్కదాంట్లో మాత్రం కాస్త నిజం కలిసుంది. అక్కడికి వచ్చినప్పుడు దాచను.

ముందు మార్కెట్ సంగతి. 2011 జనవరి 29న దోహాలోని ఖలీఫా స్టేడియంలో జపాన్, ఆస్ట్రేలియాల మధ్య ఆసియా కప్ ఫైనల్ జరిగింది. 90 నిమిషాల్లో గోల్ పడలేదు. రెండో సగంలో జపాన్ కోచ్ జాకెరోని ఒక సెంటర్ బ్యాక్‌ని కొత్తగా మైదానంలోకి దించి, లెఫ్ట్ బ్యాక్‌గా (ఎడమ పక్క డిఫెండర్‌గా) ఆడుతున్న నాగటోమోను మిడ్‌ఫీల్డ్‌లోకి జరిపాడు. 109వ నిమిషంలో ఎడమ పక్కన అతను తన మీదున్న డిఫెండర్‌ను దాటి క్రాస్ వేశాడు. పెనాల్టీ బాక్సులో ఒంటరిగా వదిలేసిన తదానరి లీ బంతిని నేల తాకనివ్వకుండా గోల్లోకి కొట్టాడు. కప్పు జపాన్‌ది. అదనపు సమయం చివర్లో, కాళ్లు ఈడ్చుకుంటూ నడిచే వేళ, ఒక డిఫెండర్ ఇంకా పరుగు తీస్తున్నాడంటే కోచ్‌లు చూసేది దాన్నే.

రెండు రోజుల తర్వాత, ట్రాన్స్‌ఫర్ విండో (క్లబ్బులు ఆటగాళ్లను మార్చుకునే గడువు) మూసే రోజున, ఇంటర్ అతన్ని తీసుకుంది. ఇంతవరకే చెబితే మార్కెట్ కథ బాగానే అతుకుతుంది. ఎక్కడి నుంచి తీసుకుందన్నది మాత్రం ఆ వాదనలో ఎవరూ చెప్పరు. అతను అప్పటికే ఆరు నెలలుగా ఇటలీలోనే, ఆ ఏడాదే పై డివిజన్‌కి ఎక్కిన చెజేనా అనే చిన్న క్లబ్బులో ఆడుతున్నాడు. ఆ సీజన్ మొదట్లో చెజేనా రోమా మైదానానికి వెళ్లి 0-0తో బయటపడింది. తర్వాత సొంత మైదానంలో ఏసీ మిలాన్‌ను 2-0తో ఓడించింది. రెండింటిలోనూ అతను ఉన్నాడు. ఇంటర్‌వాళ్లు టోక్యో దాకా పోయి చూడాల్సిన అవసరం లేదు, తమ లీగ్‌లోనే కళ్లముందు కనిపించాడు.

పైగా ఉత్తినే తీసుకోలేదు. బదులుగా దవీదే సాంటన్‌ను చెజేనాకు పంపింది. సాంటన్ అంటే ఇంటర్ అకాడమీలో పెరిగిన 20 ఏళ్ల కుర్రాడు, కోచ్ మూరిన్యో హయాంలో సీనియర్ జట్టులోకి వచ్చినవాడు, ఇటలీకి భవిష్యత్తు అనుకున్నవాడు. నాగటోమోను మొదట ఆ సీజన్ చివరిదాకా లోన్ మీద, అంటే అరువుకు తెచ్చుకుని, ఆడించి చూసుకున్నారు, ఆ వేసవిలోనే సొంతం చేసుకున్నారు. జెర్సీల బేరానికి ఇంటి పిల్లాణ్ని మారకం ఇస్తారా? అసలు జెర్సీ డబ్బులో చాలా భాగం తయారీ కంపెనీకీ దుకాణానికీ పోతుంది. క్లబ్బుకు దక్కేది ఒప్పందంలో రాసుకున్న వాటా. జపాన్‌లో అభిమానులు పెరిగితే ఇంటర్‌కి చేదేమీ కాదు, క్లబ్బులు సన్యాసుల మఠాలు కావు. కానీ లాభం వచ్చిందంటే లాభం కోసమే చేశారని అర్థం కాదు.

"ఆసియా యజమానులు" అన్న ముక్కకు క్యాలెండర్ చూస్తే చాలు. అతన్ని తీసుకున్నప్పుడు ఇంటర్ యజమాని మాసిమో మొరాట్టి, మిలాన్ నగరపు పాత కుటుంబం మనిషి. ఇండోనేషియా వ్యాపారి తోహిర్ వచ్చింది 2013లో. చైనా కంపెనీ సునింగ్ 2016లో వచ్చింది. 2018 జనవరిలో అతన్ని బయటికి లోన్‌కి పంపింది ఆ సునింగ్ హయాంలోనే.

ఈ ఏడేళ్లలో కోచ్‌లు ఎంతమంది మారారో లెక్కపెట్టండి: లియొనార్డో, గాస్పెరీని, రనియేరి, స్ట్రమచోని, మజ్జారి, మాన్చీని, డి బోయర్, పియోలి, స్పల్లెట్టి. మధ్యలో తాత్కాలికంగా కూర్చున్నవాళ్లను వదిలేశాను. మ్యాచ్ ఓడితే ఉద్యోగం పోయేది వీళ్లది. మార్కెటింగ్ విభాగం మాట విని లెఫ్ట్ బ్యాక్‌ను ఎంచుకునేంత ధీమా ఇటలీలో ఏ కోచ్‌కీ ఉండదు. ఇంటర్‌కి నాగటోమో ఆడింది మొత్తం 210 మ్యాచ్‌లు, కొట్టింది 11 గోల్స్. 2013-14లో మజ్జారి వెనక ముగ్గురిని పెట్టి, ఇతన్ని వింగ్ బ్యాక్‌గా ముందుకు వదిలాడు. ఆ లీగ్ సీజన్ మొదటి మ్యాచ్‌లో, జెనోవా మీద, ఇంటర్‌కి మొదటి గోల్ కొట్టింది నాగటోమోనే.

ఇక కాస్త నిజం ఉన్నచోటికి వద్దాం. డిఫెన్స్ రాదన్నది తప్పు. తప్పులు చేసేవాడన్నది మాత్రం నిజం. 2017 ఏప్రిల్ 30న నాపోలీతో మ్యాచ్‌లో, సగం సమయానికి కొంచెం ముందు, గోల్ ముందుకు వచ్చిన మామూలు బంతిని సరిగ్గా తన్నలేకపోయాడు. అది నేరుగా కయేహోన్ కాలికి దొరికింది. గోల్. ఇంటర్ 0-1తో ఓడింది. ఆ బంతి స్కూలు పిల్లాడు కూడా బయటికి తన్నేసేదే. చివరి రెండేళ్లలో అతని స్థానం ఖాయంగా లేదన్నదీ వాస్తవమే.

కానీ ఆ ఒక్క క్లిప్పును పట్టుకుని కెరీర్ మొత్తాన్ని కొలిస్తే ఎలా? 2010 జూన్ 14న, దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటీన్‌లో, ప్రపంచ కప్‌లో జపాన్ మొదటి మ్యాచ్ కామెరూన్‌తో. కామెరూన్ తన పెద్ద ఆయుధం శామ్యూల్ ఎటోను కుడి పక్కన నిలబెట్టింది. అప్పటికి మూడు వారాల కిందటే ఇంటర్ తరఫున యూరప్ కప్పు ఎత్తిన ఎటో. అతనికి ఎదురుగా నిలిచింది 23 ఏళ్ల నాగటోమో. ఎటోకి బంతి అందేలోపే మీదికి వెళ్లడం, తిరగనివ్వకపోవడం, తిరిగినా మళ్లీ ఎదురు రావడం. జపాన్ 1-0తో గెలిచింది, ఎటోకి గోల్ దక్కలేదు. ఏడు నెలల తర్వాత ఇద్దరూ ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చున్నారు. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని మనవాళ్లు ఊరికే అనలేదు. ఎత్తు తక్కువైనవాడు తలబంతి దగ్గర నష్టపోతాడు, నిజమే. కానీ పక్క డిఫెండర్‌కి రోజూ పడే పని తలతో కాదు, ఊపిరితిత్తులతో.

ఊపిరితిత్తుల మాట ఎలాగూ వచ్చింది కాబట్టి నాలుగో ముక్క, "ఇంటర్ తర్వాత అయిపోయాడు". ఇంటర్ నుంచి వెళ్లింది టర్కీలోని గలతసరాయ్‌కి. అక్కడ 2018లో, 2019లో వరసగా రెండు లీగ్ టైటిళ్లు. మధ్యలో, 2018 అక్టోబరులో, షాల్కేతో ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్ ఆడుతుండగా ఒక ఊపిరితిత్తి కుంగిపోయింది. మూడు నెలలు తిరక్కుండానే ఆసియా కప్‌లో జపాన్ లెఫ్ట్ బ్యాక్‌గా దిగి, ఫైనల్ దాకా ఆడాడు. ఫైనల్లో ఖతార్ చేతిలో ఓడారు, అది వేరే విషయం. తర్వాత ఒక సీజన్ ఫ్రాన్స్‌లో మార్సే, 2021లో తిరిగి ఎఫ్‌సీ టోక్యో.

2022 సెప్టెంబరులో దవీదే సాంటన్, అదే మారకం కుర్రాడు, మోకాళ్ల గాయాలతో 31 ఏళ్లకే ఆట మానేశాడు. నవంబరులో 36 ఏళ్ల నాగటోమో తన నాలుగో ప్రపంచ కప్‌లో, జర్మనీ మీద మొదటి 11 మందిలో దిగాడు. మైదానం మళ్లీ ఆ ఖలీఫా స్టేడియమే. 57వ నిమిషంలో, జపాన్ 0-1తో వెనకబడి ఉండగా, కోచ్ అతన్ని బయటికి పిలిచి వింగర్ మితోమాను పంపాడు. ఆ తర్వాత రెండు గోల్స్ కొట్టి జపాన్ గెలిచింది. స్పెయిన్, క్రొయేషియా మ్యాచ్‌ల్లోనూ ఇదే వరస: మొదలుపెట్టేది నాగటోమో, మధ్యలో దిగేది మితోమా.