జడలబర్రెను తరిమితే కొండ తుంగ మిగలదు

టిబెట్ పీఠభూమిలో పచ్చిక క్షీణిస్తోందన్న మాట కొత్తది కాదు. దానికి చైనా ప్రభుత్వం ఎంచుకున్న విరుగుడూ తెలిసిందే: 2003 నుంచి కంచెలు, మేత నిషేధాలు, ఆ తర్వాత పసుపు నది, యాంగ్జీ, మెకాంగ్ పుట్టే ఎగువ ప్రాంతం నుంచి కాపరుల కుటుంబాలను పట్టణాల అంచులకు తరలించడం. ఈ వైద్యం రోగాన్నే పొరబడిందని గ్రహించడానికి అక్కడి నేలను కప్పిన ఒక్క మొక్కను చూస్తే చాలు.

మన రైతులు వరి చేలో పీకేసే తుంగకు అది బంధువు. చాలాకాలం కోబ్రేసియా పిగ్మియాగా పేరుపడి, ఇప్పుడు కేరెక్స్ పర్వులాగా లెక్కకొస్తున్న ఈ తుంగ రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటూ, 3,000 మీటర్ల నుంచి 6,000 మీటర్ల దరిదాపుల వరకు దాదాపు 4.5 లక్షల చదరపు కిలోమీటర్లలో ప్రధాన వృక్షజాతిగా ఉంది. ఒక పెళ్ల తవ్వి చూస్తే పైన గోరంత పచ్చదనం, కింద కొన్నిచోట్ల జానెడు మందాన బతికిన వేళ్లూ చచ్చిన వేళ్లూ అల్లుకుపోయిన దిమ్మ కనిపిస్తాయి. ఆ దిమ్మ గట్టిదనం ఎంతటిదంటే కాపరులు దాన్ని ముక్కలుగా కోసి దొడ్ల గోడలు కడతారు. మట్టిని పట్టి ఉంచేదీ, కర్బనాన్ని దాచేదీ అదే.

ఈ తుంగ ఇంత విస్తరించడంలో మేతకు పెద్ద పాత్ర ఉంది. జడలబర్రెకూ గొర్రెకూ అందేది ఆకు కొస మాత్రమే. చిగురు పుట్టే మొదలు నేలమట్టంలో భద్రంగా ఉంటుంది. పక్కనున్న పొడవాటి గడ్డిజాతులకు ఆ రక్షణ లేదు కాబట్టి మేత వాటిని అణచి, తుంగకు ఎండ అందనిస్తుంది. వాన కాస్త ఎక్కువ పడే తూర్పు భాగాల్లో కంచె వేసి మేత ఆపినప్పుడు పొడవాటి గడ్డి లేచి తుంగను నీడలోకి నెట్టింది. కంచె కాపాడింది తుంగను కాదు, దాని పోటీదారును.

మేత మితిమీరిన చోట్లు లేవా అంటే, ఉన్నాయి. చలికీ కరువుకూ బీటలు వారిన దిమ్మను గిట్టలు మరింత చిదిమితే గాలీ నీరూ మట్టిని తోడేస్తాయి. అయితే ఉమ్మడి మేత భూములను కుటుంబాలవారీగా పంచి కంచెలు కట్టాకే, ఋతువును బట్టి ఎత్తు మారాల్సిన మంద చాలాచోట్ల ఒకే ముక్కలో చిక్కుకుపోయింది. ఆ తప్పును కాపరి నెత్తిన రుద్దడం అన్యాయం. కుందేలుకు బంధువైన చిన్న జంతువు పికా మీదా నింద మోపి దశాబ్దాలపాటు విషం పెట్టారు. దాని బొరియలు వాననీటిని నేలలోకి దింపుతాయనీ, మంచు పిచ్చుకలు వాటిలోనే గూడు కడతాయనీ పట్టించుకోలేదు.

దూరాన కూర్చుని మేత భూమిని దిక్కులేని భూమిగా చూసే అలవాటు బీజింగ్‌కే పరిమితం కాదు. ఉత్తరాఖండ్ పూలలోయను 1982లో జాతీయ ఉద్యానంగా ప్రకటించి మేత ఆపాక, ఏపుగా పెరిగే ఒక పాలిగోనమ్ జాతి చిన్న పూలమొక్కలను కమ్మేసింది. సిబ్బంది దాన్ని పెరికించాల్సి వస్తోంది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం సాయంతో వెలువడే మన బంజరు భూముల అట్లాస్‌లో క్షీణించిన మేత భూములు బంజరు ఖాతాలోకే వెళ్తాయి. బంజరని రాశాక ఆ భూమిని ఇంకెవరికైనా అప్పగించడం తేలిక, అందులో తిరిగే గొర్రెల కాపరిని అడగాల్సిన పనే ఉండదు.

టిబెట్‌లో ముందుగా తీయాల్సింది కంచెలనే. మందలు కదిలే పాత దారులను తెరవాలి, విషప్రయోగానికి పూర్తిగా స్వస్తి పలకాలి, ఎక్కడ ఎన్నాళ్లు మేపాలో తేల్చుకునే అధికారం కాపరుల ఊళ్లకే ఇవ్వాలి; పునరావాస కాలనీల నుంచి తిరిగి రాదలచిన కుటుంబాలకు మళ్లీ మంద కట్టుకోవడానికి పెట్టుబడి అందించాలి.