సవరణ: మట్టి గోడ వేడిని ఆపదు, ఆలస్యం చేస్తుంది
సహజ సామగ్రితో ఇళ్ల నిర్మాణం గురించి ఇంతకుముందు రాసినప్పుడు, మందమైన మట్టి గోడ గడ్డి గోడలాగే ఉష్ణ నిరోధకంగా పనిచేస్తుందని పేర్కొన్నాను, అది సరికాదు. దిమ్మిస కొట్టిన మట్టి గోడ పగటి వేడిని తనలో నిల్వ చేసుకుని, 25 సెంటీమీటర్ల మందం ఉంటే సుమారు 10 గంటల తరువాత లోపలికి విడుస్తుంది కనుక, పగలు ఎండ కాసి రాత్రి చల్లబడే వాతావరణంలో ఇల్లు హాయిగా ఉంటుంది. పగలూ రాత్రీ చలి వీడని చోట మాత్రం అదే గోడ గుండా ఇంటి వెచ్చదనం నిరంతరంగా బయటికి పోతుంది. వేడిని నిజంగా అడ్డుకునేది, గాలిని తనలో బంధించి ఉంచే గడ్డి మోపుల గోడ. దాని ఉష్ణవాహకత, అంటే వేడిని తన గుండా పోనిచ్చే గుణం, మట్టి గోడలో దాదాపు పదో వంతే. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం నా పొరపాటు.