వాగ్దాన కార్డు గారికి, వందనాలతో

మహారాజశ్రీ వాగ్దాన కార్డు గారికి,

ప్రభువు నామంలో వందనాలు. డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి చర్చిలో బుట్టలోంచి ఒక్కొక్కరం తీసుకుని, కొత్త ఏడాదికి దేవుడిచ్చిన మాట అని దాచుకునే బైబిలు వచనం కార్డు తమరే కదా. మొన్న శనివారం మధ్యాహ్నం తమరిని తీరిగ్గా చూసే భాగ్యం కలిగింది. మా సంఘంలోనే ఒక పెద్దాయన ఇంటి వరండాలో, గోడ మీద, ఫ్రేము కట్టించుకుని దర్జాగా ఉన్నారు. అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజుకి అప్పు అడుగుదామని వెళ్ళాను. అయ్యగారు భోంచేసి పడుకున్నారట, లేచేదాకా కూర్చోమన్నారు. ఎండ వరండాలోకి వచ్చి మళ్ళీ వెళ్ళిపోయేదాకా నాకు ఎదురుగా ఉన్నది తమరొక్కరే. అంచుల చుట్టూ బంగారు రంగు మెరుపుల పొడి. వెనక మంచు కొండ, దాని కింద సరస్సు, సరస్సులో రెండు హంసలు. ఒంగోలు ఉక్కపోతలో ఆ మంచు చూడ్డానికి హాయిగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. మధ్యలో పెద్ద అక్షరాలు: "నీవు అనేక జనములకు అప్పిచ్చెదవు కాని అప్పు చేయవు."

పెద్దాయన లేచి మొహం కడుక్కుని వచ్చి, నేను చదవడం చూసి మురిసిపోయారు. "చూశావా తమ్ముడూ, ముప్పై ఒకటో తేదీ రాత్రి ఆరాధనలో నాకొచ్చిన వాగ్దానం అది. దేవుడు ఎట్టా నెరవేరస్తన్నాడో చూడు!" అన్నారు. నూటికి మూడు రూపాయల వడ్డీ. మొదటి నెలది ముందే పట్టుకున్నారు. ప్రోనోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం చేయించుకుని, ఆఖర్న కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన కూడా చేశారు. ఆమెన్ అన్నాను. అనక చస్తానా?

ఇంటికొచ్చి బైబిలు తీశాను. ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయం. తమరి మీద అచ్చయింది 12వ వచనంలో చివరి ముక్క. ఆ అధ్యాయం మొదలవడమే, దేవుడి మాట శ్రద్ధగా విని ఆజ్ఞలన్నీ పాటిస్తే, అన్న షరతుతో మొదలవుతుంది. 13లో మళ్ళీ అదే షరతు. 14లో కుడికీ ఎడమకీ తొలగొద్దని ఇంకోసారి. తమరి మీద అదెక్కడా లేదు. హంసలకు చోటు దొరికింది, షరతుకు దొరకలేదు. దీవెనలు 14 వచనాల్లో అయిపోతాయి. ఆ తర్వాత 54 వచనాలు శాపాలే. వాటిలో ఒక్కటైనా, మంచు కొండ బొమ్మ లేకుండానైనా, కార్డు మీద అచ్చయిందా ఎప్పుడైనా? 44వ వచనం చూడండి, నీ మధ్యనున్న పరదేశి గురించి: వాడు నీకు అప్పిస్తాడు, నువ్వు వాడికి ఇవ్వలేవు, వాడు తల, నువ్వు తోక. ఆ మధ్యాహ్నమంతా ఆ వరండాలో నేను కూర్చున్న వచనం అదే.

తమరి తోబుట్టువుల సంగతీ తెలుసు. యిర్మీయా 29:11, సమాధానకరమైన ఉద్దేశములు, ప్రతి ఇంటి ఫ్రిజ్ మీదా ఉంటుంది. దానికి పైనున్న వచనంలోనే, ఆ మాట విన్న యూదులు బబులోను చెరలో డెబ్బై ఏళ్ళు ఉండాలని రాసి ఉంది. ఎవరికి కావాలి? "ఆమెన్ అని టైప్ చేసి పదిమందికి పంపండి" అనే మీ వాట్సాప్ తమ్ముడి గురించి మాట్లాడటం కూడా దండగ.

ముప్పై ఒకటి రాత్రి ఆ ప్లాస్టిక్ బుట్ట తిప్పుతుంటే లక్కీ డిప్ తీస్తున్నట్టే ఉంటుంది. "నా కృప నీకు చాలును" అని వస్తే మొహం మాడ్చుకుని, పక్కనున్న పిల్లాడి "నిన్ను తలగా చేస్తాను, తోకగా కాదు" అనే కార్డుతో మార్చుకునే పెద్దవాళ్ళని కళ్ళారా చూశాను. తన ఒంట్లో ముల్లులాంటి బాధ తీసెయ్యమని అపొస్తలుడు పౌలు దేవుణ్ణి ముమ్మారు వేడుకుంటే వచ్చిన జవాబది. మనకి అక్కరకు రాలేదు.

లోకంలో పడొద్దని ప్రతి ఆదివారం వింటాం. లోకమంటే కర్నూలు రోడ్డులో సినిమా హాళ్ళనీ, పిల్లల చేతుల్లో ఫోన్లనీ, ఆడపిల్లల గాజులనీ అనుకున్నాం. అది బుట్టలో కూర్చుని గుళ్ళోకే వస్తుందని ఎవరూ చెప్పలేదు. ఇక తమరు, గారు అనడం నావల్ల కాదు.

వచనాన్ని ముక్క చేయడం నువ్వు కనిపెట్టిన విద్య కాదు. యేసుని శోధించేటప్పుడు దేవాలయ శిఖరం మీద సాతాను 91వ కీర్తన చూపించాడు, "నీ మార్గములన్నిటిలో" అన్న మాట మింగేసి. అయినా వాడు నీకంటే నయం. లోకరాజ్యాలన్నీ చూపించి, సాగిలపడి నమస్కారం చేస్తే ఇస్తానని తన షరతు మాత్రం మొహం మీదే చెప్పాడు. నువ్వు దేవుడి షరతూ చెప్పవు, నీ షరతూ చెప్పవు.

1854 జనవరి 1 తెల్లవారుజామున ఇదే ఒంగోలు కొండెక్కి అమెరికా బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర, ఇంకో నలుగురు మోకరించారు. నెల్లూరు మిషను మూసేద్దామా అని అమెరికాలో చర్చలు నడిచిన రోజులవి. ఈ ఊరికి ఒక మిషనరీని పంపమని అడిగారు. అలా వచ్చిన మిషనరీ క్లౌ దొర ఇక్కడ కాపురం పెట్టేసరికి 1866. వాళ్ళదీ కొత్త సంవత్సరమే, కార్డు ఎవరూ తీయలేదు. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు పట్టి జనానికి కూలి ఇప్పించాడు. ఆ కూలి నడిచినన్నాళ్ళూ, అడిగినా సరే, బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. మా ముత్తాత వాళ్ళలో ఒకడని ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన చేతిలో ఏ హంసల బొమ్మా పెట్టలేదు. కడుపు మాడుతున్నప్పుడు కూడా తిండి ఆశ చూపించి పిలవని దేవుడి పేరు మీద, ఆయన మునిమనవడి దగ్గర నూటికి మూడు రూపాయలు గుంజుతున్నారే, సిగ్గనిపించదా?

వడ్డీకి తిప్పేవాళ్ళు ఊరంతా ఉన్నారులే. వాళ్ళ గోడల మీద దేవుడి సంతకం ఉండదు, అంతే తేడా. బీదపడిన సహోదరుడి దగ్గర వడ్డీ తీసుకోవద్దని లేవీయకాండము 25లో ఉంది. అది ఏ బుట్టలోనూ నాకు తగల్లేదు.

మా అమ్మ బైబిల్లో నీ పాత కాలపు చుట్టాలు ఇంకా ఉన్నాయి, అంచులు నలిగిపోయి. ఆమె మిమ్మల్ని పేజీ గుర్తుకి పెట్టుకునేది. కార్డు తీసి పక్కన పెట్టి అధ్యాయమంతా చదివేది. అలా అయితే నీతో నాకు పేచీ లేదు.

కాబట్టి ఒక మనవి. ఈసారి బుట్టలో ఒకే ఒక్క కార్డు, 15వ కీర్తన 5వ వచనంతో వెయ్యి: "తన ద్రవ్యము వడ్డికియ్యడు." హంసలు పెట్టుకో, మెరుపుల పొడి రెండింతలు చల్లుకో. ఎవరికొస్తుందో రానీ. ఆ పెద్దాయనకే వచ్చి, మార్చుకుందామా తమ్ముడూ అని నావైపు చూస్తే మాత్రం, నా చేతిలో ఏమున్నా ఇవ్వను.

ఇట్లు,
44వ వచనంలో కాపురముంటున్న ఒక విశ్వాసి,
ఒంగోలు.