మరి ఊదారంగు ఎటు పోయింది?

సైన్స్ ప్రదర్శనల్లో తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది. "ఆకాశం నీలంగా ఎందుకుంటుందో తెలుసా?" అడిగిన పిల్లే జవాబూ చెప్పేస్తుంది. సూర్యకాంతి గాలి అణువుల మీద పడి చెదురుతుంది, తరంగదైర్ఘ్యం తక్కువున్న రంగు ఎక్కువ చెదురుతుంది, ఎరుపు కంటే నీలం చాలా ఎక్కువగా చెదురుతుంది కాబట్టి ఎటు చూసినా అదే కనిపిస్తుంది, దీన్ని రేలీ పరిక్షేపణం అంటారు. గుక్కతిప్పుకోకుండా, ఒక్క తప్పు లేకుండా చెబుతుంది. చప్పట్లు కొట్టి పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోతాం. సాయంత్రానికి మనకు గుర్తుండేది రేలీ అనే పేరొక్కటే. కొందరికి అదీ ఉండదు.

ఆ పిల్ల మధ్యలో ఆగి ఇలా అందనుకుందాం: "నాకు ఇక్కడే తిరకాసు వచ్చింది. ఊదారంగు తరంగదైర్ఘ్యం నీలం కంటే ఇంకా తక్కువ. అంటే అది ఇంకా ఎక్కువ చెదరాలి. మరి ఆకాశం ఊదాగా ఎందుకు లేదు?" అప్పుడు పక్క బల్ల వైపు ఎవరూ కదలరు. సూర్యుడి వెలుగులోనే ఊదా పాలు నీలం కంటే తక్కువ, పైగా మన కళ్లు నీలాన్ని పట్టుకున్నంత బాగా ఊదాను పట్టుకోలేవు. ఆకాశం సంగతి అడగబోతే అది మన కంటి సంగతి దాకా వచ్చింది. మొదటి జవాబు పాఠ్యపుస్తకంలో దొరుకుతుంది. ఈ రెండోది ఆ పిల్లకు నిద్రపట్టని రాత్రి ఒకటి ఉంటే తప్ప రాదు.

సైన్స్‌ను నలుగురికీ చెప్పే పనిలో విద్యార్థికి ఉన్న బలం ఇదేనని నా అభిప్రాయం. నిన్నటిదాకా అతనికీ తెలియదు. ఎక్కడ అర్థం కాలేదో, ఏ మాట దగ్గర దారి తప్పాడో ఇంకా గుర్తుంది. నిపుణుడు ఆ మలుపు దాటి ఎన్నో ఏళ్లయింది, అక్కడ మలుపు ఉందన్న సంగతే మరిచిపోయాడు. 1990లో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు స్టాన్‌ఫర్డ్‌లో ఒక ప్రయోగం చేసింది. అందరికీ తెలిసిన పాటనే బల్ల మీద వేళ్లతో దరువుగా వేయమని కొందరికి చెప్పింది, అది ఏ పాటో ఎదుటివారు కనిపెట్టాలి. సగం మందైనా కనిపెడతారని దరువు వేసినవాళ్లు అనుకున్నారు. 120 పాటల్లో ఎదుటివారు పట్టుకోగలిగింది మూడే. దరువు వేసేవాడి తలలో పాట మొత్తం మోగుతూ ఉంటుంది, వినేవాడికి అందేది టకటక శబ్దమే. నిపుణుల ఉపన్యాసాలు చాలా వరకు ఇలాగే ఉంటాయి.

చిత్రమేమిటంటే, ఈ బలాన్ని మనమే పిల్లల చేత వదిలిస్తున్నాం. తడబడకుండా చెప్పినవాడికి బహుమతి, "ఇది నాకింకా తేలలేదు" అన్నవాడికి మార్కులు కోత. న్యాయనిర్ణేతలు అడిగే ప్రశ్నలు కూడా జవాబు ముందే తెలిసినవే. దాంతో పిల్లలు చిన్న సైజు ప్రొఫెసర్లుగా తయారవుతారు. పెద్దవాళ్ల పోటీల్లోనూ ఇదే తంతు. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో మొదలుపెట్టిన 'మూడు నిమిషాల థీసిస్' పోటీ ఇప్పుడు ఎన్నో దేశాలకు పాకింది. ఒక్క స్లైడు, మూడు నిమిషాలు, పరిశోధన సారమంతా చెప్పాలి. గొప్ప సాధనే, కాదనను. కానీ మూడు నిమిషాలకు కుదించేటప్పుడు మొదట కత్తెర పడేది అనుమానాల మీదే.

పిల్లల చేతికి మైకు ఇస్తే తప్పులు ప్రచారమవుతాయని కొందరి భయం. అది ఉత్తి భయమేమీ కాదు. సగం అర్థమైన విషయాన్ని పూర్తి ధీమాతో చెప్పే వీడియోలు మనం రోజూ చూస్తున్నవే. అయితే అక్కడ ముంచుతున్నది ధీమా. వయసు కాదు. చెప్పినదాన్ని వినేవాడు సరిచూసుకునే వీలుందా లేదా అన్నదే నేను చూసేది. చేతులతో తాకకుండానే రోగి 'శక్తి క్షేత్రాన్ని' పసిగట్టగలమని చెప్పుకునే చికిత్సకులను ఎమిలీ రోజా అనే అమెరికన్ బాలిక తొమ్మిదేళ్ల వయసులో పరీక్షించింది. మధ్యలో అడ్డుతెర. తెర అవతలి నుంచి చికిత్సకులు రెండు చేతులూ చాస్తారు, తన చెయ్యి వాళ్ల ఏ చేతి పైన పెట్టిందో చెప్పాలి. 21 మంది, 280 ప్రయత్నాలు, సరిగ్గా చెప్పినవి 44 శాతం. నాణెం ఎగరేసినా అంతకంటే మెరుగు. 1998లో ఆ ఫలితం అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయింది. అందులో సామాన్యుడికి అర్థం కానిది ఏముంది?

భాష విషయంలోనూ అంతే. 2010లో ఇంగ్లండ్‌లోని బ్లాకాటన్ పాఠశాలకు చెందిన 25 మంది పిల్లలు, ఎనిమిది నుంచి పదేళ్ల వాళ్లు, తేనెటీగల కుటుంబానికే చెందిన బంబుల్ ఈగల మీద చేసిన ప్రయోగాన్ని రాయల్ సొసైటీ వారి 'బయాలజీ లెటర్స్' ప్రచురించింది. రంగునూ, అమరికనూ కలిపి గుర్తుపెట్టుకుని ఏ పువ్వులో తీపి ఉందో ఆ ఈగలు నేర్చుకోగలవని తేల్చారు. పటాలు రంగు పెన్సిళ్లతో వేశారు. పాత పరిశోధనల ఉటంకింపులు లేవు. నేపథ్యం 'అనగనగా' అంటూ మొదలవుతుంది. ఒక శాస్త్రవేత్త తోడున్నాడు గానీ మాటలు పిల్లలవే.

అన్నిటికంటే నాకిష్టమైనది ఎరాస్టో ఎంపెంబా కథ. 1963లో టాంజానియాలో బడి పిల్లలు ఐస్‌క్రీమ్ చేస్తున్నారు. ఫ్రీజర్‌లో చోటు దక్కదేమోనన్న తొందరలో అతను మరిగించిన పాలను చల్లారనివ్వకుండానే పెట్టేశాడు. తీరా చూస్తే కాచకుండా పెట్టిన స్నేహితుడి పాల కంటే అవే ముందు గడ్డకట్టాయి. ఎందుకని అడిగితే మాస్టారు నువ్వే పొరబడి ఉంటావన్నాడు, తర్వాత తోటి విద్యార్థులు నవ్వారు. కొన్నేళ్లకు బడికొచ్చిన భౌతికశాస్త్ర అధ్యాపకుడు డెనిస్ ఆస్బోర్న్‌ను అదే ప్రశ్న అడిగాడు. ఆయన నవ్వకుండా వెళ్లి ప్రయోగం చేయించాడు. 1969లో ఇద్దరి పేరుతో వ్యాసం వచ్చింది. తన భాగాన్ని ఎంపెంబా సొంత కథలాగే రాశాడు, నవ్విన సంగతి కూడా దాచలేదు. ఆ ఫలితం మీద వాదన ఇంకా తెగలేదు. 2016లో కొందరు పరిశోధకులు జాగ్రత్తగా కొలిచి, వేడినీళ్లు ముందు చల్లబడటానికి తమకు ఆధారం దొరకలేదన్నారు.

ఆ వ్యాసంలో ఆస్బోర్న్ తన వైపు సంగతి ఒకటి రాశాడు. ప్రయోగం అప్పగించిన టెక్నీషియన్ తిరిగొచ్చి, వేడిగా పెట్టిన నీళ్లే ముందు గడ్డకట్టాయని చెప్పాడట. చెప్పి, సరైన ఫలితం వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేస్తూనే ఉంటామని కూడా అన్నాడట.