స్ట్రెస్ మేనేజ్‌మెంట్ వెబినార్ గారికి విన్నపం

మహారాజశ్రీ స్ట్రెస్ మేనేజ్‌మెంట్ వెబినార్ గారి దివ్య సముఖానికి,

మా బ్రాంచి సిబ్బంది నమస్కరించి రాసుకునేది. 2015 సెప్టెంబరు నుంచి బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవు. ఆ సెలవును ఏం చేసుకోవాలో తెలియక మేం కొట్టుమిట్టాడుతుంటే, సరిగ్గా రెండో శనివారం ఉదయమే తమరు వేంచేశారు. హాజరు తప్పనిసరి, కెమెరా ఆన్‌లో ఉండాలి, రానివాళ్ల పేర్లు రీజినల్ ఆఫీసుకు వెళ్తాయి అన్న మెసేజ్ చూడగానే సగం టెన్షన్ ఎగిరిపోయింది.

కళ్లు మూసుకోమన్నారు, మూసుకున్నాం. నాలుగు అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి పీల్చి, ఇంకో నాలుగు అంకెలు బిగబట్టమన్నారు. సరిగ్గా బిగబట్టినప్పుడే గ్రూపులో టింగుమంది: "సోమవారం ఇన్సూరెన్స్ లాగిన్ డే. బ్రాంచికి ఐదు పాలసీలు. జీరో బ్రాంచిలు సాయంత్రం ఏడింటి కాల్‌లో సంజాయిషీ ఇవ్వాలి." ఆ తర్వాత తమరు ఊపిరి వదలమన్నారో లేదో మాకెవరికీ వినపడలేదు.

లాగిన్ డే అంటే బ్రాంచిలన్నీ ఆ రోజు చెప్పినన్ని పాలసీలు అమ్మి తీరాల్సిన రోజు. అది ఎలా ఉంటుందో మీ స్లైడుల్లో లేదు కాబట్టి చెబుతాను. కిందటిసారి ఉదయమే పాస్‌బుక్ ప్రింటర్ మొరాయించింది. సర్వర్ స్లో. తాకట్టు బంగారం విడిపించుకోవడానికి వచ్చినాయన ఇంట్లో మధ్యాహ్నం పెళ్లి. డ్వాక్రా సంఘం వాళ్లు లోన్ కాగితాల మీద సంతకాలకు వచ్చి, బెంచీలు చాలక మెట్ల మీద కూర్చున్నారు. వాళ్లలో ఒకావిడకు పాలసీ గురించి చెప్పడం మొదలుపెట్టాను. "ఇది కట్టకపోతే లోను రాదా బాబూ?" అని అడిగింది. వస్తుందమ్మా అంటే టార్గెట్ పోతుంది. రాదంటే అబద్ధం. నా వెనక మేనేజర్ గారు నిలబడి ఉన్నారు. వస్తుందనే చెప్పాను, సాయంత్రం కాల్‌లో మా బ్రాంచి పేరు మొదటే వచ్చింది. ఆ నిమిషంలో వేయాల్సిన ఆసనం ఏదో తమరు సెలవివ్వలేదు.

బర్న్‌అవుట్ జబ్బు కాదని, పనిచేసే చోట దీర్ఘకాలంగా ఉన్న ఒత్తిడిని సరిగ్గా పట్టించుకోకపోతే వచ్చే పరిస్థితని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. పుట్టేది ఆఫీసులో, వైద్యం మాత్రం మా ముక్కుకి! వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు, 35-40 గంటలు పనిచేసేవాళ్ల కన్నా పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని 2021లో అదే సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి చెప్పాయి. తమరు ఉప్పు తగ్గించమన్నారు.

నిజం చెప్పాలంటే మా రోగానికి మందు రిజర్వు బ్యాంకు దగ్గరుంది. కీలకమైన సీట్లలో ఉన్నవాళ్లను ఏటా ఒకే విడతలో కనీసం పది పనిదినాలు, ముందు చెప్పకుండా సెలవు మీద పంపాలని దాని 2021 నాటి ఆదేశం. ఆ రోజుల్లో మామూలు మెయిల్ తప్ప పనికి సంబంధించినదేదీ వాళ్లను ముట్టనివ్వకూడదు. చదువుతుంటే కళ్లు చెమర్చాయి. కారణం చదివాక ఆరిపోయాయి. మనిషి సీట్లో లేనప్పుడైతే అతను చేసిన మోసాలేమైనా ఉంటే బయటపడతాయట! అంటే అనుమానం ఉన్నవాళ్లకు విశ్రాంతి, నమ్మకం ఉన్నవాళ్లకు వెబినార్. నా సీటు అంత కీలకమైంది కాదు. అయినా నన్ను కూడా కాస్త అనుమానించమని పైవాళ్లకు సిఫారసు చేయగలరు.

మా క్యాషియర్ మేడం మాత్రం తమరికన్నా ముందే తన వైద్యం తాను చూసుకున్నారు. క్యాష్ టాలీ అయి సేఫ్‌కి తాళం పడగానే ఫోన్ సైలెంట్‌లో పెట్టి టిఫిన్ బ్యాగులో పడేస్తారు. కౌంటర్ వదిలి పాలసీలు అడగమని ఎవరైనా ఫోన్ చేస్తే ఒకటే మాట: "అలాగే సార్, కౌంటర్ మూసేయమని ఒక్క మెయిల్ పెట్టండి." ఆ మెయిల్ ఇంతవరకూ రాలేదు. ఈ చిట్కాను మీ తర్వాతి స్లైడులో పెట్టుకోవచ్చు, ఆవిడ ఏమీ అనుకోరు.

ఒక్క మేలు ఒప్పుకోవాలి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 చూపించారు. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు. నిజంగా పనికొచ్చేది అదే. టైం అయిపోయిందని ఆ స్లైడుని క్షణంలో దాటించేశారు, నేను ఫొటో తీసుకున్నాను కాబట్టి సరిపోయింది.

ఫీడ్‌బ్యాక్ ఫారంలో అందరం ఐదుకు ఐదు స్టార్లే ఇచ్చాం. ఒక్కటి తగ్గినా కారణం రాసి, మేనేజర్ సంతకంతో సోమవారం పదింటిలోపు పంపాలట. ఆ టైముకి ఇక్కడ క్యూ గేటు దాటి ఉంటుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
సింగిల్ విండో ఆపరేటర్, రెండో కౌంటర్