ఎండ చాలదన్న మాట నిజం
పసిబిడ్డల కామెర్లకు పొద్దుటి ఎండ ఒక్కటే చాలదని మీ వ్యాసంలో రాసిన మాట మా ఇంటి అనుభవమే. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మనవరాలు పుట్టి రోజు తిరగకముందే ఒళ్లు పచ్చబడింది. ‘అందరికీ వచ్చేదే, ఎండ చూపించండి’ అన్నారు కాన్పు చేసినచోట. రెండో మూడో రోజున కనిపిస్తే వేరు సంగతి. మొదటి 24 గంటల్లోనే వస్తే ఆగకూడదని మాకు తరువాత తెలిసింది. కోడలిది ‘ఓ’ గ్రూపు రక్తం, పాపది ‘బి’; తల్లీబిడ్డల గ్రూపులు ఇలా పొసగకపోతే కామెర్లు ఇంత తొందరగా రావచ్చట. చీకటితోనే బరంపురం ఆసుపత్రికి పరుగెత్తాం.

అక్కడ కళ్లకు గంతలు కట్టి నీలి వెలుతురు కింద పడుకోబెట్టారు. ఆ వెలుతురు రక్తంలో చేరి ఒళ్లు పచ్చబరిచే బిలిరుబిన్ అనే పదార్థాన్ని ఒంట్లోంచి తేలిగ్గా బయటికి పోయే రూపంలోకి మారుస్తుందట. మా వియ్యపురాలికి మాత్రం ఆ గంతలు చూస్తేనే ఏడుపు! డాక్టరమ్మ ఒడియాలో చెప్పినదంతా మా ఆవిడ తెలుగులో చెబుతూ, కోడలి పక్కనే కూర్చుని వేళ తప్పకుండా పాలు పట్టించింది. ఇంటి దగ్గర పెద్ద మనవడికి అన్నం పెట్టి బడికి పంపింది పక్కింటి ఒడియా వాళ్లే.

వ్యాసంలో లేనిది ఒకటుంది. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో నెలలోపు బిడ్డకు వైద్యమే కాదు, తీసుకెళ్లే వాహనమూ ఉచితం. అది తెలియక మేము కారుకు అద్దె ఇచ్చుకున్నాం.